పచ్చ చుక్కలు

సీను: నమస్తే అండీ, కావలి నుంచి మేమే. ఈసారి టాపిక్, తినే తిండి మారితే అదే బాక్టీరియా అదే మందుకు ఒకసారి లొంగి ఇంకోసారి ఎందుకు లొంగదు. బావా, మైకు దగ్గరికి జరుపు, పోయినసారి బకెట్లోంచి మాట్లాడినట్టుంది.

రమణ: బకెట్ సంగతి ఎత్తొద్దన్నానా?

సీను: ఎత్తన్లే. పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బాక్టీరియాలో కె-12 అని ఒక రకం. ఉత్త గ్లూకోజు, లవణాల మీద పెంచుతూ కాస్త వాలీన్ వేస్తే పెరగడం ఆగిపోద్ది. వాలీన్ విషమేం కాదు, మన పప్పులో ఉండే అమైనో ఆమ్లమే. కానీ ఐసోల్యూసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం తయారీకీ వాలీన్ తయారీకీ ఎంజైమ్ ఒకటే, వాలీన్ ఎక్కువైతే ఆ ఎంజైమ్ పని మానేస్తుంది, ఐసోల్యూసిన్ అందదు. ఐసోల్యూసిన్ మనమే వేస్తే మళ్లీ లేస్తుంది.

రమణ: అదే, మన రొయ్యల గుంటలో బెల్లం కూడా...

సీను: వచ్చేసింది బెల్లం!

రమణ: నవ్వుకో. బెల్లం, తవుడు, ఈస్టు పులియబెట్టి పోశా. నీళ్లు ల్యాబుకు పంపితే ఫోన్లో ‘పచ్చ చుక్కలొచ్చాయి’ అన్నాడు. పచ్చంటే పసుపే కదా అని హాయిగా పడుకున్నా.

సీను: ఆకుపచ్చ బావా.

రమణ: పచ్చకామెర్లు ఏ రంగు?

సీను: పచ్చగడ్డి ఏ రంగు?

రమణ: ముందు కామెర్లకు జవాబు చెప్పు.

సీను: అబ్బా! ల్యాబువాడు చూసిన ప్లేటు టీసీబీఎస్, విబ్రియోలని రొయ్యలకు జబ్బు తేగల బాక్టీరియాను పెంచి చూసేది, ఒక్కో చుక్కా ఒక బాక్టీరియా గుంపు. అందులో పైత్య లవణాలుంటాయి, మిగతా బాక్టీరియాను చాలావరకు అణిచేస్తాయి, విబ్రియోలు తట్టుకుంటాయి. పంచదార కూడా ఉంటది. అది తినగలిగిన విబ్రియో ఆమ్లం వదిలి పసుపు చుక్క అవుద్ది, తినలేనిది ఆకుపచ్చగా ఉండిపోద్ది. పారాహీమోలిటికస్ అనే విబ్రియో ఆకుపచ్చ. అయినా పసుపైతే మంచిదని ఎవరన్నారు నీకు, జబ్బు తేగల ఆల్జినోలిటికస్ అనే విబ్రియో కూడా పసుపే.

రమణ: ఇదేదో అప్పుడు చెప్పుంటే... 60 రోజుల రొయ్య, సీనూ.

సీను: తెలుసు బావా. వల నేనూ పట్టుకున్నాగా.

రమణ: ఊఁ. సరే, ఇంకేదో మందన్నావు?

సీను: రెండున్నాయి, గబగబా చెప్తా. తిండిలో పాబా అనే పదార్థం ఉంటే బాక్టీరియాను ఆపే సల్ఫా మందు పారదని 1940లోనే వుడ్స్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఫాస్ఫోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ది ఇంకో కథ. గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ అనే చక్కెర కనపడితే ఈ.కోలై దాన్ని లాక్కోడానికి తలుపులు ఎక్కువ పెట్టుకుంటది, మందు కూడా ఆ తలుపుల్లోంచే దూరుద్ది. అందుకే పరీక్షలో ఆ చక్కెర కలుపుతారు, లేకపోతే పనిచేసే మందు కూడా పనిచేయదని రిపోర్టు రావచ్చు.

రమణ: అంటే బెల్లం వేస్తే...

సీను: బావా!

రమణ: ఆగు, గుంట కాడ నుంచి ఫోను. ఏందబ్బా? నీళ్లు పచ్చబడ్డాయా? ఏ పచ్చ? ఏ పచ్చరా... సీనూ, ఆపు అది, ఆపు.