వలగదిలో డామ్సెల్‌ఫ్లైలు: గమనించడం ఎలా?

[దృశ్యం: గడ్డిపరక మీద వాలిన డామ్సెల్‌ఫ్లై]

ఇదీ తూనీగల బంధువే. కాకపోతే ఒళ్లు సన్నం, కళ్లు రెండూ ఎడంగా ఉంటాయి, వాలినప్పుడు చాలా రకాలు రెక్కలు వీపు మీదికి మూసేసుకుంటాయి. నీటి ఒడ్డున కూర్చుని దీన్ని గమనించాలంటే చిక్కేమిటంటే, చూస్తుండగానే రెల్లులోకి దూరిపోతుంది. మళ్లీ బయటికొచ్చింది అదేనా, ఇంకోటా? చెప్పలేం.

పోనీ, చిన్న డబ్బాలో పెడదామా? గోడలకు కొట్టుకుని రెక్కలు చింపుకుంటుంది. వేటా ఉండదు, జతకట్టడమూ ఉండదు.

అందుకే ఆరుబయట వలగది, అంటే చుట్టూ వల బిగించిన గది కడతారు. మనిషి లోపల తిరిగేంత ఉంటే మంచిది. పైన అసలు ఎండ, కింద నీళ్ల తొట్టి, వాలడానికి గడ్డి, రెల్లు.

[దృశ్యం: రెక్క మీద అంకె, దగ్గరగా]

ప్రతిదాని రెక్క మీదా సన్నటి పర్మనెంట్ మార్కర్‌తో ఒక అంకె వేస్తారు. ఇక ఏది ఎవరి జోలికి వెళ్లిందో పేరుపేరునా రాసుకోవచ్చు. అప్పుడే లార్వా తొడుగు విడిచి వచ్చినదాన్ని మాత్రం ముట్టుకోకూడదు. దాని రెక్కలు తడితడిగా మెరుస్తుంటాయి. వేలు తగిలి ముడత పడ్డాయంటే ఆ పురుగు ఇక సరిగ్గా ఎగరలేదు.

తిండి సంగతి వలకన్నా ముఖ్యం అంటాను నేను. ఇవి కదిలే పురుగునే వేటాడతాయి, చచ్చిన ఈగను పెడితే కన్నెత్తి చూడవు. మాగిన పండ్లు గిన్నెలో ఉంచితే వాటి మీద డ్రోసోఫిలా అనే చిన్న పండ్ల ఈగలు పుట్టి ముసురుతాయి, వేట అక్కడే మొదలవుతుంది. కరువొస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి కూడా. సాలీళ్లను రోజూ ఏరేయాల్సిందే. వలలో గూడు కట్టడానికి వాటికి అంతకన్నా మంచి చోటు దొరకదు మరి!

[దృశ్యం: నీలం ఆడది, పక్కనే వేరే రంగు ఆడది]

ఇంత శ్రమ దేనికి? యూరప్‌లో విరివిగా కనిపించే ఇస్క్‌న్యూరా ఎలిగాన్స్ అనే డామ్సెల్‌ఫ్లై రకాన్నే చూడండి. దీని ఆడవాటిలో కొన్ని అచ్చం మగవాటిలాగే నీలంగా ఉంటాయి, మిగతావి వేరే రంగులు. మగవాటి వేధింపు తప్పించుకోవడానికే ఆ నీలం వేషం అని ఒక వాదన. ఏ రంగు ఆడవి ఎక్కువగా ఉంటే మగవి వాటినే వెతకడం నేర్చుకుంటాయని ఇంకొకటి. నీటి ఒడ్డున రంగుల నిష్పత్తి మన చేతిలో ఉండదు. వలగదిలో ఉంటుంది. ఒకదాంట్లో నీలంవి ఎక్కువ, పక్కదాంట్లో తక్కువ పెట్టి తేడా చూడొచ్చు. మగవాటికి మెరిసే రంగుపొడి అద్దితే, మనం చూడనప్పుడు ఏ ఆడదాన్ని పట్టుకోబోయాయో కూడా ఆ పొడి చెప్పేస్తుంది. పైగా ఈ రకం జతకట్టిందంటే గంటల తరబడి విడిపోదు. మొదటినుంచి చివరిదాకా చూడాలంటే అది కళ్లముందే ఉండాలి కదా.

అయితే ఒక గదిలో ఎన్ని వదలాలి? ఫలితం పాడయ్యేది సాధారణంగా ఇక్కడే. మగవాటిని కిక్కిరిసేలా నింపితే ఆడదానికి పారిపోయే దారుండదు, వేధింపు లెక్క ఉన్నదానికన్నా పెరిగిపోతుంది. దట్టమైన గడ్డి గుబురు ఒకటి తప్పక వదలాలి, ఆడది అందులో దాక్కుంటే ఆ దాక్కోవడాన్నీ నోట్ చేయాలి.

ఎంత దూరం వలస పోతాయి, ఎన్నాళ్లకు తిరిగొస్తాయి లాంటి ప్రశ్నలకు వలగది పనికిరాదు. వాటికి అంకె వేసి బయట వదిలేయడం, మళ్లీ పట్టుకోవడమే పద్ధతి.