బేలు కనిపించాలి, బ్యాంకు ఖాతా కనిపించకూడదు

అందరికీ నమస్కారం. రికార్డులో ఏ ఫీల్డు ఎవరికి కనిపించాలో కోడులో ఎలా తనిఖీ చేయాలో ఈరోజు చూద్దాం. ఒంగోలు వాళ్లందరికీ తెలిసిన పనే ఉదాహరణగా తీసుకుందాం. టంగుటూరు పొగాకు వేలం కోసం సేల్స్‌ఫోర్స్ అనే క్లౌడ్ వేదికలో ఒక యాప్ కడుతున్నామనుకోండి. బేలు (పొగాకు మోపు) రికార్డులో బరువు, గ్రేడు, ధర, రైతు బ్యాంకు ఖాతా నంబరు ఉంటాయి. తూకం రాసే గుమాస్తాకు ఖాతా నంబరు కనపడకూడదు. ప్రొఫైల్‌లో, అంటే యూజర్‌కు ఏ అనుమతులున్నాయో చెప్పే అమరికలో, ఆ ఫీల్డు దాచేశారు, స్క్రీన్ మీంచి పోయింది. కానీ సిస్టమ్ మోడ్‌లో, అంటే యూజర్ అనుమతులు చూడకుండా, నడిచే ఎపెక్స్ (సేల్స్‌ఫోర్స్ కోడు భాష) క్లాసు దాన్ని నిక్షేపంగా తెచ్చి చేతిలో పెడుతుంది.

క్లాసుకు 'విత్ షేరింగ్' పెట్టాం కదా అంటారు. అది ఏ బేళ్లు చూడొచ్చో తేలుస్తుంది. బేలులో ఏ గడి (ఫీల్డు) చూడొచ్చో దానికి పట్టదు.

గడి సంగతి స్కీమానే, అంటే డేటా నిర్మాణం వివరాలనే అడగాలి. ఆ వివరాలిచ్చే ఫీల్డు డిస్క్రైబ్ ఫలితంలో మూడు ప్రశ్నలున్నాయి: చదవడానికి 'ఈజ్ యాక్సెసిబుల్', కొత్త రికార్డుకు 'ఈజ్ క్రియేటబుల్', మార్పుకు 'ఈజ్ అప్‌డేటబుల్'. ఇన్సర్ట్ ముందు మూడోది అడగడం తరచూ జరిగే తప్పు. ఇంకొకటి: బరువును ధరతో గుణించే ఫార్ములా ఫీల్డుకు 'ఈజ్ అప్‌డేటబుల్' అడ్మిన్‌కు కూడా ఫాల్స్ అనే చెబుతుంది. అన్ని ఫీల్డులనూ లూపులో తిప్పి, ఫాల్స్ వస్తే ఎర్రర్ విసిరే కోడు ఎవరికీ పనిచేయదు. మీరు నిజంగా రాయబోయే ఫీల్డులనే అడగండి. ఫీల్డు పేరు స్ట్రింగ్‌గా వస్తే, స్కీమా ఇచ్చే ఫీల్డుల మ్యాప్‌లో అది ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే నల్ పాయింటర్ ఎర్రర్ తప్పదు.

'స్ట్రిప్ ఇనాక్సెసిబుల్' అనే మెథడ్ అనుమతి లేని ఫీల్డులను తీసేసి కొత్త లిస్టు ఇస్తుంది. పాత లిస్టు అలాగే ఉంటుంది. కొత్త లిస్టును ఇచ్చే 'గెట్ రికార్డ్స్' మరిచి పాత లిస్టునే అప్‌డేట్ చేస్తే పడ్డ శ్రమంతా వృథా.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది క్వెరీలో ఫిల్టరు పెట్టే వేర్ క్లాజు. అనుమతులు తనిఖీ చేయమని క్వెరీలో రాసే 'విత్ సెక్యూరిటీ ఎన్‌ఫోర్స్‌డ్' సెలెక్ట్, ఫ్రమ్ క్లాజులనే చూస్తుంది, వేర్‌ను చూడదు. గుమాస్తా వెతుకుడు పెట్టెలో కొట్టింది ఖాతా నంబరు మీద ఫిల్టరుగా వెళ్తే, ఎన్ని బేళ్లు వచ్చాయో చూస్తూ అంకె తర్వాత అంకె పట్టేయొచ్చు. ఆ నంబరు ఒక రైతు ఏడాది కష్టం జమపడే చోటు. 'విత్ యూజర్ మోడ్' వేర్‌ను కూడా తనిఖీ చేస్తుంది. కొత్త క్వెరీలు దానితోనే రాయండి. అనుమతిని బట్టి స్క్రీన్‌లో కాలమ్ దాచడం, బటన్ ఆపడం లాంటి వాటికి డిస్క్రైబ్ ఎలాగూ కావాలి.

టెస్టు అడ్మిన్‌గా నడిపితే అన్నీ పాసవుతాయి. గుమాస్తా ప్రొఫైల్‌తో యూజర్‌ను సృష్టించి, ఆ యూజర్‌గా కోడు నడిపే 'సిస్టమ్ రన్ యాజ్' లోపల క్వెరీ నడిపి, ఖాతా నంబరు రాలేదని అసర్ట్ చేయండి, అంటే టెస్టులో నిర్ధారించండి. తర్వాత ఖజానా ఉద్యోగి ప్రొఫైల్‌తో అదే టెస్టు నడిపి, వచ్చిందని అసర్ట్ చేయండి.