బేస్‌బాల్‌లో మంచి దెబ్బ: బ్యాట్ కదలకముందే జరగాల్సిన పని

దృశ్యం: బల్ల మీద ఒక బేస్‌బాల్, ఒక బ్యాట్. వ్యాఖ్యాత రెండింటినీ చేతుల్లోకి తీసుకుంటారు.

ముందు ఈ రెండింటినీ చూడండి. బంతి అడ్డుకొలత సుమారు 7.4 సెంటీమీటర్లు. ప్రొఫెషనల్ ఆటలో బ్యాట్ ఎంత లావున్న చోటైనా 6.63 సెంటీమీటర్లు దాటకూడదు. అంటే మనం కొట్టే కర్ర కన్నా అటునుంచి వచ్చే బంతే లావు. పైగా రెండూ గుండ్రనివే. నడిమికి నడిమి తగిలితే బంతి దూసుకుపోతుంది. బ్యాట్ మరీ కిందికి జారితే బంతి నిట్టనిలువుగా గాల్లోకి లేచి ఎవరో ఒకరి చేతుల్లో పడుతుంది. పైకి జారితే నేలకు కొట్టుకుని, బంతి విసిరే పిచర్ కాళ్ల దగ్గర దొర్లుతుంది.

దృశ్యం: పై నుంచి మైదానం. పిచర్ నిలబడే చోటి నుంచి, బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక హోమ్ ప్లేట్ వరకు ఒక గీత.

ఈ గీత పొడవు 18.44 మీటర్లు. పిచర్ ముందుకు అడుగు వేసి విసురుతాడు కాబట్టి బంతికి అంత దూరం కూడా ఉండదు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వదిలితే సుమారు 0.4 సెకన్లలో మీ ముందుకు వచ్చేస్తుంది. అందులో బ్యాట్ తిరగడానికే 0.15 సెకన్లు పోతాయి. అది ఏ బంతి, ఎక్కడికి వస్తోంది, కొట్టాలా వదిలేయాలా అన్నవి తేల్చుకోవడానికి మిగిలేది పావు సెకను.

నేర్చుకునేవాళ్లను చూసినప్పుడల్లా నాకు బాధ కలిగించే విషయం ఇక్కడే ఉంది. శ్రమంతా ఆ 0.15 సెకన్ల మీదే పెడతారు. మణికట్లు గట్టిపరుస్తారు, బరువైన బ్యాట్ తిప్పుతారు, రోజుకు వందల సార్లు గాలిని కొడతారు. ఆ పావు సెకనుకు మాత్రం సాధన ఉండదు. సరైన బంతిని ఎంచుకోవడం, సమయానికి సిద్ధంగా ఉండటం అనే రెండు పనులకూ అక్కడే చోటు. మీ ఆట నిజంగా మెరుగుపడాలంటే ముందు వాటి మీద కూర్చోవాలి.

దృశ్యం: తెర మీద స్ట్రైక్ జోన్, అంటే ప్లేట్ మీదుగా బంతి వస్తే మంచి బంతిగా లెక్కించే చోటు. అది అడ్డంగా 7, నిలువుగా 11 గడులుగా విడిపోతుంది.

టెడ్ విలియమ్స్ 1941లో బోస్టన్ రెడ్ సాక్స్ తరఫున .406 సగటు సాధించారు, అంటే వెయ్యి అవకాశాలకు 406 హిట్ల లెక్క. బంతిని కొట్టి క్షేమంగా బేస్ (పరుగు దారిలోని మజిలీ) చేరితే అది హిట్. అమెరికన్, నేషనల్ లీగ్‌లలో ఆ తర్వాత మరెవరూ .400 అందుకోలేదు. సీజన్ చివరి రోజు ఉదయానికి ఆయన సగటు .3995 పైచిలుకు. ఆడకుండా కూర్చుంటే లెక్క సర్దుకుని .400 అయ్యేది. ఆయన ఆ రోజు రెండు మ్యాచ్‌లూ ఆడి, 8 అవకాశాల్లో 6 హిట్లు కొట్టారు. ఆయన బ్యాటింగ్ ఆలోచనను చూపే ఒక పటం ఉంది. స్ట్రైక్ జోన్‌ను బంతి ప్రమాణంలో 77 గడులుగా విడదీసి, ఒక్కో గడిలో బంతి వస్తే తన సగటు ఎంత ఉంటుందో ఆయన అంచనా కట్టుకున్నారు. నడిమి గడుల్లో .400. తనకు దూరంగా, అడుగున ఉన్న మూలలో .230. మనిషి ఒకడే, బ్యాట్ ఒకటే. బంతి మారితే ఫలితం దాదాపు సగానికి పడిపోతోంది.

మీకు 77 గడులు అక్కరలేదు, తొమ్మిది చాలు. నోటు పుస్తకంలో మూడు అడ్డం, మూడు నిలువు గడులు గీయండి. సాధనలో గట్టిగా తగిలిన ప్రతి బంతీ ఏ గడిలోకి వచ్చిందో గుర్తు పెట్టండి. కొన్ని వారాలకు మీ గడులు ఏవో పుస్తకమే చెబుతుంది. మంచి బంతిని వదిలేసినా, తిప్పి తగలకపోయినా ఒక స్ట్రైక్; మూడు పడితే అవుట్. రెండు స్ట్రైకులు పడేవరకు ఆ గడుల్లోకి వచ్చిన బంతికే బ్యాట్ తిప్పండి. అంచున పడిన మంచి బంతిని వదిలేస్తే ఒక స్ట్రైకే పోతుంది. దాన్ని బలహీనంగా తాకి నేల మీద దొర్లిస్తే అవకాశమే పోతుంది. రెండు స్ట్రైకుల తర్వాత లెక్క మారుతుంది. అప్పుడు జోన్ అంతటినీ కాపాడుకోక తప్పదు.

క్రికెట్ ఆడి వచ్చినవారికి ఒక మాట. అక్కడ వికెట్ కాపాడుకోవడమే పునాది కాబట్టి వికెట్ల మీదికి వచ్చే ప్రతి బంతికీ బ్యాట్ అడ్డం పెట్టడం అలవాటవుతుంది. ఇక్కడ బంతిని వదిలేయడం కూడా దాడిలో భాగమే. జోన్ బయట పడిన చెడ్డ బంతిని ‘బాల్’ అంటారు. అలాంటివి నాలుగు వదిలితే బేస్ చేతికొస్తుంది.

దృశ్యం: పిచర్ చేయి, బంతి విడిచే క్షణం, నెమ్మదిగా.

ఇప్పుడు కళ్లు. “బంతి బ్యాట్‌కు తగిలేదాకా చూడు” అని అందరూ చెబుతారు. తల కదలకుండా ఉంచడానికి ఆ మాట మంచిదే. కానీ చివరి కొద్ది అడుగుల్లో వేగంగా వచ్చే బంతిని కన్ను అందుకోలేదు. అందుకే సమాచారమంతా మొదట్లోనే దొరకబుచ్చుకోవాలి. పిచర్ కదలిక మొదలైనప్పుడు చూపును అతని టోపీ మీదో ఛాతీ మీదో తేలికగా ఉంచండి. చేయి పైకి వచ్చేసరికి బంతి విడిచే చోటుకు మార్చండి. చేతిలోంచి కాస్త పైకి ఎగిరినట్టు కనిపిస్తే అది చాలాసార్లు కర్వ్ బాల్, అంటే వంపు తిరిగి కిందికి దిగే బంతి. ఎర్రటి కుట్లు తిరుగుతూ ఒక చుక్కలా కనిపిస్తే స్లైడర్, అంటే పక్కకు జారే బంతి కావచ్చు. ఈ తేడాలు చెబితే రావు, చూసి చూసి కంటికి ఎక్కాలి.

దృశ్యం: బ్యాటర్ పక్క నుంచి. ముందు కాలు, నడుము, భుజాలు వేర్వేరు రంగుల్లో.

సమయం తప్పేది ఎక్కువగా ఆలస్యంగా సిద్ధమవడం వల్లే. పిచర్ బంతి విడిచే లోపు మీ బరువు వెనుక కాలి మీదకు చేరాలి, చేతులు కాస్త వెనక్కి వెళ్లాలి. బంతి వస్తుండగా ముందు కాలు మెత్తగా నేల తాకాలి. పాదం ఆనింది కదా అని చేతులు కదలకూడదు. పాదం ఆనడం సిద్ధపడటం మాత్రమే. కొట్టాలా వద్దా అన్నది ఆ తర్వాతి నిర్ణయం. ఈ రెండింటినీ విడదీయగలిగిన రోజున నెమ్మది బంతికి ముందే తిప్పేసి మోసపోవడం తగ్గుతుంది.

బలం నేల నుంచి పైకి వస్తుంది. ముందు నడుము తిరుగుతుంది, దాని వెనుక ఛాతీ, ఆ తర్వాత చేతులు, చివరికి బ్యాట్ కొస. చేతులు ముందే బయలుదేరితే నడుము బలమంతా వృథా. పట్టు మాత్రం వేళ్లలో, వదులుగా ఉండాలి. బిగించి పట్టుకుంటే మణికట్లు మొద్దుబారతాయి.

బ్యాట్ దారి గురించి కూడా చెప్పాలి. “పై నుంచి కిందికి నరుకు” అనే పాత సలహా నాకు నచ్చదు. ఎత్తైన దిబ్బ మీది నుంచి వచ్చే ఫాస్ట్ బాల్ సుమారు 6 డిగ్రీల వాలుతో దిగుతుంది, కర్వ్ బాల్ వాలు ఇంకా ఎక్కువ. బ్యాట్ కాస్త పైకి ఎక్కుతూ వస్తే బంతి దారిలోనే ఎక్కువసేపు ఉంటుంది. సమయం పిసరంత తప్పినా తగులుతుంది. కిందికి నరికితే రెండు దారులూ ఒకే ఒక్క బిందువులో కలుస్తాయి.

బంతి ఎక్కడ తగలాలన్నది దాని చోటును బట్టి ఉంటుంది. ఒంటికి దగ్గరగా వచ్చేదాన్ని ప్లేట్ కన్నా ముందే అందుకోవాలి. దూరంగా వెళ్లేదాన్ని మరికాస్త లోపలికి రానివ్వాలి. ఎడమచేతి బ్యాటర్ టోనీ గ్విన్ ఆ రెండో పనిలో అసాధ్యుడు. దూరపు బంతిని ఆగి, మూడో బేస్ ఆటగాడికీ షార్ట్‌స్టాప్‌కూ (రెండో, మూడో బేస్‌ల నడుమ నిలబడే ఆటగాడు) మధ్య ఉన్న సందులోంచి పంపేవారు. తన బ్యాటింగ్ వీడియోలను పట్టుదలగా చూసుకునేవారు. 9,288 అవకాశాల్లో ఆయన స్ట్రైక్ అవుట్ అయింది 434 సార్లే.

దృశ్యం: టీ, అంటే బంతిని నిలబెట్టే స్టాండ్ మీద బంతి. బ్యాటర్ దాన్ని మూడు చోట్లకు మారుస్తూ కొడతాడు.

టీ సాధన చిన్నపిల్లలదని తోసేయకండి. బంతిని ఎప్పుడూ నడుమ, నడుము ఎత్తున పెట్టి కొట్టడమే పొరపాటు. దగ్గరి బంతికి టీని ముందుకు, దూరపు బంతికి వెనక్కి జరపండి. ఎత్తు మార్చండి. పది బంతులు కొట్టి, ప్రతిదానికీ ముందే “ఇది ఎటు వెళ్లాలి” అని పైకి చెప్పండి. ఆ తర్వాత ఎవరితోనైనా దగ్గరి నుంచి విసిరించుకోండి, వేగం మారుస్తూ, చెప్పకుండా. వేగం ముందే తెలిసిన సాధనతో ఒళ్లు అలసిపోతుంది కానీ కన్ను పదునెక్కదు.

దృశ్యం: పిచర్ సాధన చేస్తున్నాడు. హెల్మెట్ పెట్టుకున్న బ్యాటర్ ప్లేట్ పక్కన నిలబడి ఉన్నాడు. బ్యాట్ కదలదు.

చాలా జట్లు వాడుకోని సాధన ఇది. మీ పిచర్ విసరడం సాధన చేసేటప్పుడు అనుమతి అడిగి, హెల్మెట్ పెట్టుకుని బ్యాటర్ స్థానంలో నిలబడండి. బరువు వెనక్కి వేయండి, కాలు ఆనించండి, అంతవరకే. బంతి సగం దారిలో ఉండగానే “ఫాస్ట్”, “కర్వ్” అని పలకండి. ప్లేట్ వెనుక బంతి పట్టే క్యాచర్ చేతికి చేరగానే స్ట్రైకో బాలో చెప్పండి. ఎన్ని సరిపోయాయో క్యాచర్‌నే లెక్క పెట్టమనండి. మొదటి రోజు ముప్పై బంతులు చాలు. ఆ లెక్కను మీ తొమ్మిది గడుల పుస్తకంలోనే, తేదీ వేసి రాసుకోండి.