ఈస్ట్ కణం ఎక్కడ మారుతుంది, ఎక్కడ మారదు

అందరికీ నమస్కారం.

రొట్టెల పిండిని పులియబెట్టే ఈస్ట్ కణంలో 16 క్రోమోజోములు, దాదాపు 1.2 కోట్ల డీఎన్ఏ అక్షరాలు ఉంటాయి. విభజన జరిగిన ప్రతిసారీ వీటన్నిటికీ నకలు తీయాలి. అయినా ఒక్క అక్షరం తప్పు పోవడానికి సగటున కొన్ని వందల విభజనలు పడుతుంది. నకలు తీసే ఎంజైమే చాలా తప్పులు దిద్దుకుంటుంది. దాని కంటపడనివాటిని ఎంఎస్‌హెచ్2 లాంటి ప్రోటీన్లు పట్టుకుంటాయి. వాటి జన్యువులు పాడైన కణాలు కొత్త వాతావరణంలో మొదట దూసుకుపోవచ్చు. కానీ తరాలు గడిచేకొద్దీ చెడ్డ మార్పులు పేరుకుపోయి కుంగిపోతాయి.

అందుకే కాపలా అంతటా సడలించడం మంచి ఉపాయం కాదు. ఈస్ట్‌లో మార్పుకు ఎక్కువ వీలున్న చోట్లు కొన్ని ఉన్నాయి. నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది 12వ క్రోమోజోము మీద ఉంది. అక్కడ రైబోజోమ్ (కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం) ఆర్ఎన్ఏ జన్యువులు దాదాపు 150 కాపీలు వరసగా ఉంటాయి. ప్రతి కాపీ దగ్గరా ఫాబ్1 అనే ప్రోటీన్ కూర్చుని, ఒక దిక్కు నుంచి నకలు తీస్తూ వచ్చే యంత్రాంగాన్ని ఆపుతుంది. ఆగిన చోట ఒక్కోసారి డీఎన్ఏ తెగుతుంది. సరిగ్గా ఎదురుగా ఉన్న కాపీని చూసి అతుక్కుంటే ఏ తేడా రాదు. పక్క కాపీని చూసి అతుక్కుంటే మాత్రం సంఖ్య పెరగొచ్చు, తగ్గొచ్చు. కాపీలు సరిపడా ఉన్నంతకాలం సర్2 అనే ప్రోటీన్ వల్ల, నకలు తీశాక ఎదురెదురుగా ఉండే జంట డీఎన్ఏ పోగులు పక్కకు జరగవు. కాపీలు తగ్గిపోతే సర్2 కూడా తగ్గుతుంది, పట్టు సడలుతుంది, సంఖ్య మళ్లీ పెరుగుతుంది. కణం ఆలోచించి చేసే పని కాదిది, ప్రకృతి ఎంపికలో నిలిచిన ఏర్పాటు. స్థిరత్వమూ మార్పూ ఇక్కడ ఒకే మీట మీద నడుస్తున్నాయి!

ఇంకో దారి మొత్తం క్రోమోజోమునే అదనంగా ఉంచుకోవడం. ఒక ప్రయోగంలో, ఎక్కువ వేడిలో పెంచిన ఈస్ట్‌లో 3వ క్రోమోజోము అదనపు కాపీ వచ్చింది. చప్పున దొరికే పరిష్కారమే కానీ ఖరీదైనది. అక్కర్లేని జన్యువుల ప్రోటీన్లు కూడా తయారవుతాయి, ఎదుగుదల మందగిస్తుంది. వేడి కొనసాగించి చూస్తే, కొన్నాళ్లకు చిన్న చిన్న మ్యుటేషన్లు ఆ పని అందుకున్నాయి, అదనపు క్రోమోజోము పోయింది.

ఇది ప్రయోగశాలతో ఆగే విషయం కాదు. మనుషులకు ఇన్ఫెక్షన్లు తెచ్చే కాండిడా అల్బికాన్స్ అనే మరో ఈస్ట్‌లో, ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందుకు లొంగని కొన్ని రకాల్లో 5వ క్రోమోజోము ఎడమ భుజం అదనంగా ఉంటుంది. ఆ మందు దాడిచేసే ఎంజైము జన్యువు, మందును బయటికి తోసే పంపులను నడిపించే జన్యువు, రెండూ ఆ భుజం మీదే ఉన్నాయి. ఆ అదనపు ముక్కను పోగొట్టుకున్న కణాలు మళ్లీ మందుకు లొంగాయి.