ఆట ముగిసిన టైము రాయండి

అందరికీ నమస్కారం. ఈరోజు నాకిచ్చిన ఈ కాస్త సమయంలో కుస్తీ గురించి మాట్లాడతాను. గోదాలో మట్టి పూసుకుని పట్టే కుస్తీ కాదు. ఇక్కడ న్యూజెర్సీలో మన పిల్లలు చలికాలమంతా స్కూలు జిమ్ముల్లో, మ్యాట్ల మీద ఆడే రెజ్లింగ్. మా అబ్బాయికి పదమూడేళ్లు, మూడేళ్లుగా ఆడుతున్నాడు. మొదట్లో వాడు ఈ ఆటలో చేరాడని చెప్తే విజయనగరం నుంచి మా అమ్మ ఫోనులో "వాడేమన్నా కోడి రామ్మూర్తి అవుతాడా ఏమిటే" అంది. మా వైపు ఎవరైనా పిల్లాడు కాస్త బలంగా కనిపిస్తే ఈ రోజుకీ ఆ పేరే అంటారు. వందేళ్ల కిందట ఏనుగుని గుండె మీద ఎక్కించుకున్న మనిషి పేరు మా ఇళ్లల్లో ఇంకా అలా బతికే ఉంది.

పట్టుల సంగతి కోచ్‌లు చెప్తారు. నేను చెప్పదల్చుకున్నది టైము గురించి. ఏ పిల్లాడిని ఎన్నింటికి పిలిచారు, వాడి ముందు ఆట ఎన్నింటికి ముగిసింది, మధ్యలో వాడికి ఎంతసేపు ఊపిరి పీల్చుకోవడానికి దొరికింది. అంతే. ఇది చాలా చిన్న సంగతిలా వినిపిస్తుంది. కానీ నా మాట నమ్మండి, పిల్లాడికి అన్యాయం జరిగేది ఎక్కువసార్లు రిఫరీ విజిల్ దగ్గర కాదు, టైము దగ్గరే.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం ఒక శనివారం ఎలా ఉంటుందో చెప్తాను. తెల్లవారుజామున ఐదింటికి లేవాలి. ఆరున్నరకల్లా జిమ్ములో తూకం. పిల్లలు సగం నిద్రలో వరసగా నిలబడి తక్కెడ ఎక్కి దిగుతారు. తర్వాత ముంజేతి మీద మార్కర్‌తో ఏ మ్యాటు, ఎన్నో నంబరు ఆట అని రాసుకుంటారు, సాయంత్రానికి ఆ అంకెలన్నీ చెమటకి కారి నల్లటి చారలవుతాయి. తల్లిదండ్రులం దుప్పట్లు, కూలర్లు, పులిహోర డబ్బాలు పట్టుకుని మెట్ల మీద కూర్చుంటాం. ఇక ఎదురుచూడటమే. పిల్లల ఆట మొత్తం కలిపి నాలుగైదు నిమిషాలు, హైస్కూల్లో అయితే రెండేసి నిమిషాల చొప్పున మూడు రౌండ్లు, ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాల కోసం పది గంటలు. చూసేవాళ్లకి ఆరు నిమిషాలంటే ఏముంది అనిపిస్తుంది గానీ, ఆడి బయటకి వచ్చిన పిల్లాడి చేతులు చూడండి, నీళ్ల సీసా మూత తిప్పలేక వణుకుతుంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. కిందటేడు ఒక టోర్నమెంటుకి వెళ్లాం, పేరు చెప్పను, పేరుతో పని లేదు. మావాడి బరువులో ఎనిమిది మంది పిల్లలు. పది ఇరవైకి మొదటి ఆట, ఒక్క పాయింటుతో ఓడిపోయాడు. ఓడిపోయినవాళ్ల వరసలోకి వెళ్లాడు, అందులో గెలుస్తూ పోతే మూడో స్థానం దాకా రావచ్చు. ఒకటింబావుకి రెండో ఆట, నిమిషంలోపే పిన్ చేసి, అంటే అవతలివాడి రెండు భుజాలూ మ్యాటుకి ఆనించి, గెలిచాడు. మూడో ఆట మటుకు మాకు ప్రాణం తీసింది. సమానం అయింది, ఓవర్‌టైమ్‌కి వెళ్లింది, చివరికి ఎలాగో గెలిచాడు. మూడో స్థానం కోసం ఇంకొక్క ఆట ఉంది. వాడు వచ్చి నా పక్కన కూర్చోలేదు, పడ్డాడు. మొహం ఎర్రగా కందిపోయింది. నేను అరటిపండు తొక్క తీస్తున్నాను, మైకులో వాడి నంబరు పిలిచారు.

అప్పటికి పదకొండు నిమిషాలే అయింది.

ఆ టోర్నమెంటు కాగితం మీద రెండు ఆటల మధ్య ముప్ఫై నిమిషాలు విరామం అని రాసి ఉంది. అవతలి పిల్లాడు ఇంకో మ్యాటు మీద ఆడాడు, వాడి ఆట ఎప్పుడో అయిపోయింది, వాడు గంట నుంచి స్నేహితులతో కార్డులు ఆడుకుంటూ కూర్చున్నాడు. ఆ పిల్లాడి తప్పేం లేదు. మా కోచ్ ఆటలు పిలిచే టేబుల్ దగ్గరికి పరిగెత్తాడు. టేబుల్ పెద్దాయన పొద్దున ఐదున్నర నుంచి నిలబడే ఉన్నాడు పాపం, ఐదింటికి జిమ్ము ఖాళీ చేసి ఇచ్చేయాలి, ఇంకా ముప్ఫై ఆటలు మిగిలి ఉన్నాయి. "అరగంట అయ్యే ఉంటుంది కదా" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఆయనకి అలా అనిపించింది. కోచ్ కాలేదంటాడు, ఆయన అయిందంటాడు. ఎవరి దగ్గరా రుజువు లేదు.

రుజువు ఒకరి దగ్గర ఉంది. మూడో మ్యాటు టేబుల్ దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, ఎవరో పిల్లాడి అమ్మమ్మట, కళ్లద్దాలు గొలుసుతో మెడలో వేలాడుతున్నాయి. ఆవిడకి ఒక అలవాటు. ప్రతి ఆటకీ ఒక కాగితం ఉంటుంది కదా, ఎవరికెన్ని పాయింట్లో రాసే కాగితం, ఆట అవగానే దాని కింద మూలన పెన్సిల్‌తో గడియారం చూసి టైము వేస్తుంది. ఎవరూ వేయమనలేదు. ఆవిడే లేచి వచ్చి, ఆ కాగితాల కట్టలోంచి మావాడి కాగితం వెతికి తీసి పెద్దాయన ముందు పెట్టింది. 3:41 అని రాసి ఉంది. గోడ గడియారంలో 3:52.

పెద్దాయన కాగితం చూశాడు, గడియారం చూశాడు. "సరే, 4:11కి" అన్నాడు. అంతే, గొడవ లేదు, అరుపులు లేవు. ఆ మ్యాటు మీదకి వేరే బరువు పిల్లలని పిలిచారు. టోర్నమెంటు ఏమీ ఆగిపోలేదు, ఐదింటికి ముందే అయిపోయింది కూడా.

ఆ పంతొమ్మిది నిమిషాలు మావాడు నా ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు. నీళ్లు తాగాడు, సగం అరటిపండు తిన్నాడు. నా చెయ్యి వాడి ఛాతీ మీద ఉంది, గుండె ముందు దడదడలాడుతూ, మెల్లగా, మెల్లగా దారికి రావడం నాకు చేతికి తెలుస్తోంది. తర్వాత వెళ్లి ఆడాడు. ఓడిపోయాడు. 7-5. నాలుగో స్థానం, నాలుగుకి పతకం లేదు. కారులో ఇంటికి వస్తూ దారంతా ఎడమ కాలు ఎక్కడ పెట్టాల్సింది, ఎక్కడ పెట్టాడు, అవతలివాడు ఎంత బాగా పట్టాడు, అదే చెప్పాడు. మనం చిన్నప్పుడు ఆటల్లో "తొండి, తొండి" అని అరిచేవాళ్లం చూడండి, ఆ మాట వాడి నోటి నుంచి రాలేదు. ఆ ముందు సంవత్సరం ఇలాగే వెంటనే పిలిచిన ఇంకో చోట, ఏ టైమూ ఎవరూ రాయని చోట, ఓడిపోయి ఇంటికొచ్చి రెండు రోజులు "అది చీటింగ్ అమ్మా" అంటూనే ఉన్నాడు. అక్కడా ఎవరూ కావాలని తొండి చేయలేదు. అయినా పిల్లాడి దగ్గరికి వచ్చేసరికి జరిగింది తొండే.

ఇందులో కాస్త లెక్క ఉంది, తొందరగా చెప్పేస్తాను. ఎనిమిది మంది ఉన్న పోటీలో మొదటి స్థానం వచ్చే పిల్లాడు మూడు ఆటలు ఆడితే చాలు. మొదటి ఆట ఓడిపోయి మూడో స్థానం తెచ్చుకోవాలంటే నాలుగు ఆడాలి. పదహారు మంది ఉంటే గెలిచేవాడికి నాలుగు, మొదట్లోనే ఓడి మూడో స్థానానికి ఎక్కి వచ్చేవాడికి ఆరు. అంటే ఎక్కువ ఆడేది, తక్కువ విశ్రాంతి దొరికేది ఎప్పుడూ కింది వరస పిల్లలకే. హైస్కూలు ఆటల్లో ఒక పిల్లాడు ఒక్కరోజులో ఐదుకి మించి ఆడకూడదని, ఆటకీ ఆటకీ మధ్య 45 నిమిషాలు ఉండాలని ఏళ్ల తరబడి నియమాలు ఉంటూ వచ్చాయి. ఊరికే పెట్టలేదు వాటిని. చిన్నపిల్లల టోర్నమెంట్లలో మాత్రం ఎవరి పద్ధతి వాళ్లది.

అయినా ఓడినవాళ్లకి ఈ రెండో వరస అనేదే గొప్ప విషయం అంటాను నేను. ఒలింపిక్స్‌లో అది కూడా అందరికీ ఉండదు. 2016లో రియోలో మన సాక్షి మలిక్ క్వార్టర్ ఫైనల్లో రష్యా అమ్మాయి కోబ్లోవా చేతిలో ఓడిపోయింది. ఆ తర్వాత సాక్షి చేతిలో ఏమీ లేదు. తనని ఓడించిన అమ్మాయి ఫైనల్‌కి వెళ్తేనే తనకి ఇంకో అవకాశం, వెళ్లకపోతే సంచి సర్దుకోవడమే. కోబ్లోవా వెళ్లింది. అప్పుడు సాక్షి మళ్లీ మ్యాటు ఎక్కి, ముందు మంగోలియా అమ్మాయిని గెలిచి, కాంస్యం ఆటలో 0-5తో వెనకబడి, చివరికి 8-5తో గెలిచింది. ఆ రాత్రి అందరం ఎగిరి గంతేశాం. కానీ ఆలోచించండి, కోబ్లోవా సెమీస్‌లో ఓడిపోయి ఉంటే మనకి ఆ పతకమే లేదు. పెద్దవాళ్లకి, దేశం తరఫున ఆడేవాళ్లకి అది సరేననుకుందాం. పన్నెండేళ్ల పిల్లాడు రెండు గంటలు కారులో వచ్చి, ఒక్క ఆట ఓడిపోయి, ఎవడో ఇంకొకడు గెలిచేదాకా కూర్చుని వెనక్కి వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు. చిన్నపిల్లలకి అన్నిటికంటే మంచి పద్ధతి ఇక్కడ చాలా చోట్ల ఉంది. తూకం అయ్యాక దగ్గర దగ్గర బరువు ఉన్నవాళ్లని నలుగురినలుగురిని ఒక గుంపు చేస్తారు. ప్రతివాడూ మిగతా ముగ్గురితో ఆడతాడు. అందరికీ మూడేసి ఆటలు, ఎక్కువా తక్కువా లేదు.

ఆ పద్ధతిలో ఇంకో మేలు కూడా ఉంది. ఏ బరువున్నా ఆ బరువువాళ్లతోనే ఆడతాడు కాబట్టి బరువు తగ్గించుకునే పని ఉండదు. తూకం విషయంలో నాకు భయం ఎక్కువ. 1997లో, నవంబరు డిసెంబరు నెలల్లో, ఈ దేశంలో ముగ్గురు కాలేజీ కుర్రాళ్లు ఆట కోసం ఒంట్లో నీరు తగ్గించుకుంటూ చనిపోయారు. ఆ తర్వాతే కాలేజీల్లో తూకాన్ని ఆటకి దగ్గరగా జరిపారు, ఆవిరి గదులు, రబ్బరు సూట్లు నిషేధించారు. హైస్కూల్లో ఇప్పుడు మగపిల్లలకి 7 శాతం, ఆడపిల్లలకి 12 శాతం కంటే ఒంట్లో కొవ్వు తగ్గకూడదు, వారానికి ఒంటి బరువులో ఒకటిన్నర శాతం కంటే ఎక్కువ తగ్గకూడదు. చూశారా, ఇదీ టైము సంగతే. తూకానికీ ఆటకీ మధ్య ఒక రాత్రి ఉంటే, ముందు ఎండబెట్టుకుని తర్వాత తిని తాగేయొచ్చు అనే ఆశ పుడుతుంది. గంట ముందు తూకం వేస్తే ఆ ఆశ ఉండదు. పెద్దవాళ్ల పోటీల్లో రెండో రోజు పొద్దున మళ్లీ తూకం ఉంటుంది, 2024లో పారిస్‌లో వినేశ్ ఫోగట్‌కి ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. వంద గ్రాములు ఎక్కువని ఫైనల్ ఆడనివ్వలేదు. మీ పిల్లాడు శుక్రవారం రాత్రి అన్నం వద్దంటే కారణం అడగండి. తూకం కోసం అంటే, ఒక బరువు పైన ఆడించమని కోచ్‌కి చెప్పండి.

సరే, నాకు ఇంకా కాస్త టైమే ఉంది, నేను చెప్పొచ్చిన ఒక్క మాట చెప్తాను. టైము రాయండి. ఆట ముగిసిన టైము ఆ కాగితం మీద రాయండి. దీనికి కొత్త నియమం అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, కంప్యూటర్ కూడా అక్కర్లేదు. కంప్యూటర్లో పెట్టే చోట్ల కూడా వరసలు కలగాపులగం అయినప్పుడు చివరికి అందరూ వెతికేది ఆ కాగితమే. టైము ఉంటే టేబుల్ పెద్దాయనకీ సుఖం, ఎవరు ఎప్పుడు సిద్ధంగా ఉంటారో చూసుకుని మ్యాట్లు నింపుకుంటాడు. టైము లేకపోతే ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల మాట. మన పిల్లల కోచ్‌లు గట్టిగా అరిచేవాళ్లు కాకపోవచ్చు.

మరి ఎవరు రాయాలి? ఇది మనవాళ్లని ఉద్దేశించి అంటున్నాను, కోపం తెచ్చుకోకండి. మనం మెట్ల మీద కూర్చుంటాం. వీడియో తీస్తాం, వాట్సాప్‌లో పెడతాం, ఆలస్యం అయితే విసుక్కుంటాం. టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లలో మన మొహాలు చాలా తక్కువ కనిపిస్తాయి. నేనూ రెండేళ్లు అలాగే మెట్ల మీదే ఉన్నాను. ఆ పెద్దావిడని చూశాక మరుసటి వారమే వెళ్లి అడిగాను, నాకు నేర్పండి అని. ఒకరు గడియారం చూసుకోవాలి, ఒకరు పాయింట్లు రాయాలి. రిఫరీ వేళ్లు చూపిస్తాడు, ఏ రంగు చేతిపట్టీ ఉన్న చెయ్యి ఎత్తితే ఆ పిల్లాడికి. నేర్చుకోవడానికి అరగంట పట్టింది. ఇప్పుడు ఏ టోర్నమెంటుకి వెళ్లినా సగం రోజు టేబుల్ దగ్గరే ఉంటాను, నా పిల్లాడి ఆట వచ్చినప్పుడు లేచి వెళ్తాను, ఇంకొకరు కూర్చుంటారు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఈ శనివారం మీ పిల్లాడికి పోటీ ఉంటే తూకం అయ్యాక, మొదటి ఆటకి ముందు, ఖాళీ టైము ఎలాగూ ఉంటుంది. అప్పుడు టేబుల్ దగ్గరికి వెళ్లి మనిషి కావాలా అని అడగండి. కావాలనే అంటారు. కూర్చున్నాక ప్రతి కాగితం కింద మూలన, ఎవరు గెలిచినా, ఎవరి పిల్లాడైనా, గడియారం చూసి ఆ మూడు నాలుగు అంకెలు వేయండి.

ఉంటాను, నమస్కారం.