పాత మేడలో కొత్త ఆర్ట్ పెడితే ఇల్లు పాడైపోతుందా?

[స్క్రీన్ మీద: పాతకాలపు డైనింగ్ హాల్, అడ్డంగా కట్టిన తాడు]

నమస్కారం. మ్యూజియంగా మారిన ఒక పాత మేడలో ఈ కాలపు ఆర్టిస్టు చేసిన ఇన్‌స్టలేషన్, అంటే గది చోటునే వాడుకుని పేర్చిన కళాఖండం, పెట్టారనుకోండి. ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "ఇల్లు ఉన్నది ఉన్నట్టు ఉంచొచ్చు కదా, మధ్యలో ఈ గోలేంటి?" ఈ మాట విన్నప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. పాత ఇళ్ల మీద ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ మీరు చూస్తున్న ఆ గది ఎప్పుడో సగం మారిపోయి ఉంటుంది.

ఒక్క గది పట్టుకుని చెప్తాను. అమెరికాలో న్యూజెర్సీలోని నెవార్క్ నగరం. బీరు తయారీలో బాగా సంపాదించిన బాలంటైన్ కుటుంబం 1885లో అక్కడ ఒక మేడ కట్టించుకుంది. తర్వాత కుటుంబం వెళ్లిపోయింది. 1937లో ఇల్లు నెవార్క్ మ్యూజియం చేతికొచ్చింది. 1970ల్లో గదులను పాత తీరుకు తెచ్చి జనానికి తెరిచారు. అంటే తాడుకు ఇవతల నిలబడి మనం చూసే ఆ డైనింగ్ టేబుల్ దగ్గర నుంచి ఎవరూ ఇప్పుడే భోంచేసి లేవలేదు. మ్యూజియంలో ప్రదర్శనల బాధ్యత చూసే క్యురేటర్లు కూర్చుని ఆలోచించి, ఎంచి, సర్దిన గది అది.

ఇలాంటి మ్యూజియాల్లో చాలావాటిలో పని ఇలాగే జరుగుతుంది. ఒక కుటుంబం ఒకే ఇంట్లో యాభై ఏళ్లు ఉంటే సామాను ఎన్నిసార్లు మారుతుంది? అందులో ఏదో ఒక కాలాన్ని మ్యూజియం ఎంచుకుంటుంది. ఆ తర్వాత వచ్చిన వస్తువులు స్టోర్ రూమ్‌కి వెళ్తాయి. దొరకని కుర్చీల బదులు అదే కాలానికి చెందినవి వేరే ఇళ్ల నుంచి తెస్తారు. గోడ కాగితం (వాల్‌పేపర్) చిన్న ముక్క దొరికితే, దాన్ని చూసి కొత్తగా అచ్చు వేయిస్తారు. ముందు హాలు మీద పెట్టినంత శ్రద్ధ వంటగది మీద, పనివాళ్ల గదుల మీద చాలాకాలం పెట్టలేదు. నాకు బాధ కలిగించేది అదే.

మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ ఇల్లు, లండన్‌లోని ఫ్రాయిడ్ మ్యూజియం చూడండి. ఆ గది ఆయనదే, ఆ సోఫా ఆయనదే. కానీ నాజీల నుంచి తప్పించుకుని 1938లో వియన్నా వదిలి వచ్చిన ఫ్రాయిడ్ 1939లో చనిపోయారు. ఆ ఇంట్లో ఉన్నది ఏడాదే. వియన్నాలో ఆయన సేకరించిన పురాతన బొమ్మల్లో ఏది ఎక్కడుండేదో గుర్తుపెట్టుకుని సర్దింది ఇంట్లో పనిచేసే పౌలా ఫిఖ్టల్. అంటే అది లండన్‌లో మళ్లీ పేర్చిన వియన్నా గది.

సరే, మన డైనింగ్ టేబుల్ దగ్గరికి వద్దాం.

[స్క్రీన్ మీద: టేబుల్ చుట్టూ తలలేని బొమ్మలు]

2009లో తన వందో ఏట నెవార్క్ మ్యూజియం యింకా షోనిబారే అనే కళాకారుడిని పిలిచింది. లండన్‌లో పుట్టి లాగోస్‌లో పెరిగిన మనిషి. ఆయన ఆ టేబుల్ చుట్టూ విందుకొచ్చిన అతిథుల్ని పెట్టాడు. నిలువెత్తు బొమ్మలు, ఒక్కదానికీ తల లేదు. దుస్తుల కుట్టు అంతా 1880ల నాటి షోకు. బట్ట మాత్రం కళ్లు జిగేల్మనే ముద్రల 'డచ్ వాక్స్'.

ఆ బట్ట కథ తెలిస్తే గది మొత్తం మారిపోతుంది. చూడగానే ఆఫ్రికాది అనుకుంటాం. మూలం ఇండోనేషియా బాతిక్, అంటే మైనంతో చేసే అద్దకం. దాన్ని డచ్చివాళ్లు యంత్రాల మీద తయారుచేసి పశ్చిమ ఆఫ్రికాలో అమ్మారు. అది అక్కడి జనం సొంతమైపోయింది. ఒక గజం గుడ్డలో మూడు ఖండాల వ్యాపారం, వలస పాలన ఉన్నాయి. ఇప్పుడు ఆ టేబుల్ చూస్తే కళ్లు వెండి సామాను దగ్గర ఆగవు. ఆ కాలపు వైభవం ఎవరి చెమట మీద నడిచిందన్న ప్రశ్న వస్తుంది. తలలు లేకపోవడం ఫ్రెంచ్ విప్లవంలో కులీనుల మెడల మీద పడ్డ గిలెటిన్‌ను, అంటే తలలు నరికే యంత్రాన్ని, గుర్తుచేస్తుంది. మొహాలు లేవు కాబట్టి వాళ్లు ఏ జాతివాళ్లో కూడా చెప్పలేం. ఆయన ఆ గదిని పాడుచేశాడా? ఆ టేబుల్‌ను అంతసేపు నిలబడి చూసేలా మరే లేబులూ చేయలేదని నా నమ్మకం.

అలాగని పెట్టిన ప్రతిదీ గొప్పదని అనను. నాకొక పరీక్ష ఉంది. ఆ కళాఖండాన్ని తీసుకెళ్లి తెల్లగోడల గ్యాలరీలో పెట్టండి. ఏమీ తగ్గలేదంటే, దానికి ఈ ఇంటితో పనిలేదు. ఫొటోల కోసం, టికెట్ల కోసం పెట్టిన మెరుపు వస్తువది. ఆ అతిథుల్ని వాళ్ల టేబుల్ నుంచి లేపితే మాత్రం సగం అర్థం ఆ గదిలోనే ఉండిపోతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

1992లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఫ్రెడ్ విల్సన్ అనే ఆర్టిస్టు. అది ఇల్లు కాదు, మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీ మ్యూజియం. దాని స్టోర్‌లోని వెండి పాత్రలను, బానిసల ఇనుప సంకెళ్లను ఒకే అద్దాల పెట్టెలో పెట్టి 'లోహపు పని' అని లేబుల్ వేశాడు. బయటి నుంచి ఏమీ తేలేదు.

ఇక "సామాను పాడైపోదా?" అనే భయం న్యాయమైనదే. అందుకే గోడకు మేకు కొట్టనివ్వరు, నేల ఎంత బరువు మోస్తుందో లెక్క చూస్తారు. వాడబోయే జిగురు, రంగు, బట్టలు పక్కనున్న వస్తువుల్ని పాడుచేస్తాయేమో చూడ్డానికి ఆడీ పరీక్ష చేస్తారు. ఆ పదార్థాన్ని వెండి, రాగి, సీసం ముక్కలతో, కొద్దిగా నీటితో గాజు పాత్రలో పెట్టి, గాలి చొరకుండా మూసి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచుతారు. లోహం నల్లబడినా తుప్పు పట్టినా ఆ పదార్థానికి లోపలికి ప్రవేశం లేదు.

ఆఖరిది జైపూర్. నాహర్‌గఢ్ కోటలోని మాధవేంద్ర ప్యాలెస్‌లో పీటర్ నాగీ క్యురేటర్‌గా 2017లో స్కల్ప్చర్ పార్క్ తెరిచారు. రాణుల కోసం ఒకే తీరుగా కట్టిన గదులవి. బొమ్మలు వేసిన గోడలున్నాయి, సామాను లేదు. నెవార్క్‌లో, ఎవరో సర్దిన గదికి ఆర్టిస్టు ఎదురు ప్రశ్న వేశాడు. ఇక్కడ సర్దిన గదే లేదు, శిల్పమే ఆ గదిలో కాపురానికి వచ్చింది. ఇది పూర్తిగా వేరే సమస్య. దాని గురించి వచ్చే వీడియోలో తీరిగ్గా మాట్లాడుకుందాం.