సోమవారం వచ్చే పాస్టర్ గారు

హోస్ట్: అక్కా, ఈ పుస్తకం నేనూ చదివాను కాబట్టి సూటిగా అడిగేస్తా. డీషా ఫిల్యా రాసిన ‘ది సీక్రెట్ లైవ్స్ ఆఫ్ చర్చ్ లేడీస్’. తొమ్మిది కథలు. ఇది చర్చిని తిట్టే పుస్తకమేనా?

అతిథి: పేరు చూసి చాలామంది అలాగే అనుకుంటారు. కానీ తిట్టడానికి కూర్చున్నవాళ్లు చర్చిని ఇంత ముద్దుగా రాయరు. ఆమె పెరిగింది ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో. అమెరికా దక్షిణాది నల్లజాతి చర్చిలో ఆడవాళ్లు ఎలా కూర్చుంటారో, ఏం వండుతారో, ఎవరి గురించి గుసగుసలాడతారో అన్నీ తెలుసు. ఈ ఆడవాళ్లకి దేవుడితో పేచీ లేదు. ఆయన పేరు చెప్పి తమ ఒంటి మీద అజమాయిషీ చేసేవాళ్లతోనే పేచీ.

హోస్ట్: ఇందులోని ‘పీచ్ కాబ్లర్’ కథ చదివాక నాకు ఆ అమ్మ మీద కోపం వచ్చింది. నిజంగా.

అతిథి: నాకూ వచ్చింది, తర్వాత తగ్గింది. చదవనివాళ్ల కోసం చెప్తాను. కాబ్లర్ అంటే పీచ్ పళ్ల మీద పిండి పరిచి ఓవెన్‌లో కాల్చే స్వీటు. ప్రతి సోమవారం ఆ అమ్మ అది చేస్తుంది, పాస్టర్ గారు వచ్చి తింటారు. తిన్నాక ఇద్దరూ గదిలోకి వెళ్లి తలుపేసుకుంటారు. చిన్నపిల్లేమో వచ్చేది దేవుడే అనుకుంటుంది! ఆ స్వీటు మాత్రం తల్లి కూతురికి ఒక్క ముక్క పెట్టదు. ఈ లోకం నీకు తీపి పెట్టదు, ఇప్పట్నుంచే అలవాటు చేసుకో అన్నట్టు పెంచుతుంది. పెద్దయ్యాక ఆ పిల్లే పాస్టర్ గారి కొడుక్కి పాఠాలు చెప్పడానికి ఆ ఇంట్లో అడుగుపెడుతుంది. పాస్టరమ్మ ఎదురుగా కూర్చుంటుంది. నా లెక్కలో పుస్తకం మొత్తానికి ఇదే గొప్ప కథ.

హోస్ట్: పాస్టర్‌ని పెద్ద విలన్‌గా కూడా చూపించలేదు కదా.

అతిథి: ఆయన తింటాడు, వెళ్తాడు. అంతే! కథంతా ఆడవాళ్లదే. అక్కడి చర్చిల్లో బెంచీలు నిండేది ఎక్కువగా ఆడవాళ్లతో, పల్పిట్, అంటే ప్రసంగం చేసే వేదిక, మాత్రం చాలాకాలం మగవాళ్ల చేతిలో ఉంది. ఇంకొకటి, పరువు. బానిసత్వం పోయాక కూడా తెల్లవాళ్లు నల్లజాతి స్త్రీని చెడిపోయినదానిలాగే చూశారు. దానికి జవాబుగా చర్చి స్త్రీలు ఒద్దికగా బతికి చూపించారు. ఎవ్‌లిన్ బ్రూక్స్ హిగిన్‌బోథమ్ అనే చరిత్రకారిణి 1993లో నల్లజాతి బాప్టిస్టు (ఒక ప్రొటెస్టంట్ శాఖ) చర్చి స్త్రీల ఉద్యమం మీద రాసిన పుస్తకంలో దీన్ని బాగా విడమరిచారు. ఆ పరువు ఒకప్పుడు వాళ్లకి రక్షణ. తర్వాతి తరాల కూతుళ్లకి అదే మెడకు బిగుసుకుంది.

హోస్ట్: ‘యూలా’ కథలో ఉన్నది అదే కదా?

అతిథి: అదే. నలభైల్లో ఉన్న ఇద్దరు స్నేహితురాళ్లు, 1999 డిసెంబర్ 31 రాత్రి, హోటల్ గదిలో. వాళ్ల మధ్య ఉన్నది స్నేహం ఒక్కటే కాదు. అయినా యూలా మాత్రం దేవుడు పంపే భర్త కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. నువ్వు ఎవరి స్పర్శా లేకుండా ఇలా బతకాలని దేవుడు నిజంగా కోరుకుంటాడా అని రెండో ఆమె నిలదీస్తుంది. ఆ ప్రశ్న మన దగ్గర స్త్రీల ప్రార్థన కూటంలో అడిగితే ఏమవుతుందో ఊహించుకో.

హోస్ట్: (నవ్వు) వద్దులే అక్కా.

అతిథి: ‘జాయెల్’ కథ తెలుగు బైబిల్ చదివేవాళ్లకి ఇంకా బాగా అందుతుంది. మన బైబిల్‌లో ఆమె యాయేలు. న్యాయాధిపతులు నాలుగో అధ్యాయం. నిద్రపోతున్న శత్రు సేనాపతి సీసెరా కణతలో గుడారపు మేకు దిగగొట్టిన ఆవిడ. సండే స్కూల్లో దావీదు, గొల్యాతు కథ పదే పదే చెప్తారు, ఈమెని మాత్రం త్వరగా దాటేస్తారు. ఫిల్యా ఆ పేరు పద్నాలుగేళ్ల పిల్లకి పెట్టింది. ఆ పిల్ల డైరీని తాతమ్మ దొంగచాటుగా చదువుతుంటుంది.

హోస్ట్: నచ్చనివేమైనా?

అతిథి: భౌతిక శాస్త్రవేత్తతో ప్రేమ కథ కొంచెం తీపి ఎక్కువైంది. అందరూ మరీ మంచివాళ్లు.

హోస్ట్: 2020లో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ ప్రెస్ వేసింది. చిన్న ప్రెస్. అయినా అమెరికా నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాకి వెళ్లింది, 2021లో పెన్/ఫాక్నర్ అవార్డు గెలిచింది.

అతిథి: అవార్డుల సంగతి అలా ఉంచు. చివరి కథ చదివావా, మతిమరుపు వచ్చిన తల్లిది? క్రీస్తుని నమ్మి రక్షణ పొందానని వయసులో సరదాలన్నీ మానేసిన మనిషి. ఇప్పుడు రోజూ ముస్తాబై, ఓ’జేస్ అనే అమెరికన్ పాటల బృందంలోని గాయకుడు ఎడ్డీ లెవర్ట్ తన కోసం వస్తాడని కూర్చుంటుంది. చాకిరీ చేసే కూతురి పేరు కూడా గుర్తులేదు, ఆ గాయకుడు మాత్రం గుర్తున్నాడు.

హోస్ట్: వస్తాడా మరి?

అతిథి: అది చెప్తే జనం నన్ను తిడతారు. కొనుక్కుని చదవమను.